లేదనే మాట లేని మందుల షాపు

గంగవాడ రేవులో మందుల షాపు నడిపే పాండురంగానికి, "లేదు", "తెలియదు" అనే రెండు మాటలు చచ్చినా తన నోట రాకూడదని పెద్ద పంతం ఉండేది.

అతని దగ్గరికి ఏ మందు కోసం వెళ్ళినా ఎవరూ ఉత్త చేతులతో తిరిగి వచ్చేవారు కాదు. అడిగిన టానిక్కు లేకపోతే పక్కనున్న సీసా తీసి, "ఇది దానికి అన్నగారు. అదెందుకు నీకు?" అనేవాడు. డాక్టరు చీటీలో రాత అర్థం కాకపోతే కళ్ళజోడు సవరించుకుని, ఒకసారి పైకప్పు వైపు చూసి, ఏదో ఒకటి తీసి చేతిలో పెట్టేవాడు. అవి ఎక్కువగా దగ్గు మందులూ బలం మాత్రలూ కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే చివరికి అతని కొంప ముంచింది. రేవులో జనం మాత్రం, "పాండురంగం బాబు కొట్లో దొరకందంటూ నేదు" అని మెచ్చుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఆ పూట అతనికి అన్నం కూడా అక్కర్లేదు.

రేవులో సగం మంది పడవలు కట్టే వడ్రంగులు. పాత పడవలను విప్పి, వాటి చెక్కలూ మేకులూ ఊడదీసి, పనికొచ్చేవి కొత్త పడవకు వాడేవారు. పడవంటే వాళ్ళకు గంగమ్మ. దాని మీదికే కాదు, దాన్ని కట్టే చోటికి కూడా చెప్పులతో వెళ్ళేవారు కాదు. తుప్పు పట్టిన మేకుల మధ్య పొద్దంతా వట్టి కాళ్ళతో తిరిగేవారు. మేకు గుచ్చుకోని కాలు ఆ రేవులో ఉండేది కాదు.

ఆ ఏడు వేసవిలో పక్క ఊళ్ళో ఒక పిల్ల కంఠసర్పి వచ్చి చనిపోయింది. గొంతులో పొర కట్టి, ఊపిరాడక పోయిందని తెలిసి రేవంతా హడలిపోయింది. సర్కారు ఆసుపత్రి నర్సు రూతమ్మ ఇంటింటికీ తిరిగింది. "కంఠసర్పికీ, మేకు గుచ్చుకుంటే వచ్చే ధనుర్వాతానికీ కలిపి ఒకటే టీకా. పిల్లలకే కాదు, పెద్దలకూ కావాలి. బుధవారం బడి వసారాలో ఉంటాను, రండి" అని చెప్పింది.

బుధవారం వెళ్ళాలంటే పని మానుకోవాలి. పాండురంగం షాపైతే పనిలోకి వెళ్ళే దారిలోనే ఉంది. నలుగురు వడ్రంగులు అతన్ని అడిగారు.

"ఆ సూది మీ కాడ ఉందా బాబూ?"

"ఉండకపోవడమేమిటి? ఎల్లుండి పొద్దున్నే రండి," అన్నాడు పాండురంగం. అప్పటికి అతను ఆ టీకా సీసా కంటితో చూసి ఎరగడు.

మర్నాడే పట్నం నుంచి తెప్పించాడు. సీసాలు తెచ్చిన మనిషి వెళ్తూ వెళ్తూ, "వీటిని ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టండి సార్. గడ్డకట్టనివ్వకండి," అన్నాడు.

"ఇరవై రెండేళ్ళుగా షాపు నడుపుతున్నాను. ఏ మందు ఎక్కడ పెట్టాలో నువ్వు నాకు చెబుతావా?" అని పాండురంగం కసిరాడు.

పోలియో చుక్కలను ఐసు పెట్టెలో పెట్టుకుని తిరగడం అతను ఎన్నోసార్లు చూశాడు. టీకా ఏదైనా టీకాయే కదా, ఎంత చల్లగా ఉంటే అంత మంచిది అనుకున్నాడు. రూతమ్మను అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ అడగడమంటే తెలియదని ఒప్పుకోవడమే. సీసాలన్నిటినీ పైన ఐసు గడ్డకట్టే అరలో కుక్కి తలుపు వేశాడు.

మర్నాడు పొద్దున షాపు ముందు వరస కట్టారు. పాండురంగం మంచు పట్టిన సీసాను అరచేతుల మధ్య రుద్ది, కరిగించి, సూదిలోకి ఎక్కించి వేశాడు. ఆ మంచు చూసి జనానికి గురి కుదిరింది. ఐసులో పెట్టిన చేపే మంచి చేప అని తెలిసిన ఊరది.

"ఐసులోంచి తీసినాడు సూడు, ఎంత తాజాగుందో!" అన్నాడు సింహాద్రి. అతను రేవులో అందరికంటే మంచి పనివాడు. భార్య పైడమ్మనూ, పదేళ్ళ కూతురు నూకరత్నాన్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల ఏడిస్తే, ముందు తను చొక్కా చెయ్యి మడిచి వేయించుకుని, "సీమ కుట్టినట్టుంది, అంతే," అన్నాడు. నెల తిరిగాక రెండో సూది కూడా అలాగే వేయించుకున్నారు. మొత్తం నలభై ఇళ్ళవాళ్ళకు పాండురంగం చేతి సూదే పడింది.

ఆ తర్వాత వారం రోజులకు రూతమ్మ దూది కోసం షాపుకు వచ్చింది. పాండురంగం గొప్పగా ఫ్రిజ్ తలుపు తీసి, మిగిలిన సీసాలు చూపించాడు. ఆమె మొహం మారిపోయింది. ఒక సీసాను కరిగించి, బాగా ఊపి, బల్ల మీద పెట్టింది. కాసేపటికి అడుగున తెల్లటి పలుకులు దిగాయి.

"పాండురంగంగారూ, ఇది పాడైపోయింది," అంది గొంతు తగ్గించి. "పోలియో చుక్కలకు ఐసు కావాలి గానీ దీనికి పనికిరాదు. గడ్డకట్టిందంటే మందు చచ్చిపోయినట్టే. ఇక వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. ఇట్లా గడ్డకట్టింది ఎవరికైనా వేశారా?"

అరుగు మీద ఐదారుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళు ఇటే చూస్తున్నారు.

"లేదు," అన్నాడు పాండురంగం. "అందరికీ వేసింది కింద అరలోది. ఇవి నిన్ననే పొరపాటున పైకి వెళ్ళాయి."

ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ లేదని చెప్పని మనిషి, అవునని చెప్పవలసిన ఒక్కచోట లేదని చెప్పాడు.

"బతికించారు," అని ఊపిరి పీల్చుకుంది రూతమ్మ. "వీటిని పారేయండి. వేసి ఉంటే మాత్రం అందరికీ మళ్ళీ వేయాల్సి వచ్చేది."

ఆ సాయంత్రమే సీసాలు పారేశాడు. ఇంటింటికీ వెళ్ళి చెబుదామనీ అనుకున్నాడు. చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు కూడా. నలభై గుమ్మాల ముందు నిలబడి, "నాకు తెలియక చేశాను" అనడం తలుచుకునేసరికి చెప్పులు మళ్ళీ విడిచేశాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. మర్నాడూ అదే అనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు కదా, ఇప్పుడు మాత్రం ఏమవుతుంది అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

ఇరవై రోజులు గడిచాయి. ఒక సాయంత్రం సింహాద్రి కుంటుకుంటూ షాపుకు వచ్చాడు. పాత చెక్కలోని మేకు అరికాల్లో బాగా లోతుగా దిగింది.

"మా ఆడది సర్కారాసుపత్రికి ఎల్లమని ఒకటే గోల బాబూ," అన్నాడు నవ్వుతూ. "రెండు సూదులూ ఎయించుకున్నాను గదా, ఇంకా ఎందుకంటాను నాను. మీరేటంటారు?"

షాపు నిండా జనం ఉన్నారు. పాండురంగం వాళ్ళ వైపు చూశాడు. "ఆ సూదిని నమ్ముకోకు, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళు" అంటే చాలు. నాలుక చివరి దాకా వచ్చింది.

"ఏం పర్వాలేదు," అన్నాడు.

ఎన్నడూ లేనిది, తనే కింద కూర్చుని ఆ కాలు కడిగాడు. మందు రాసి కట్టు కట్టాడు. "రేపొకసారి రా సింహాద్రీ, బలానికి ఒక సూది వేస్తాను," అన్నాడు. పట్నం నుంచి మంచి టీకా తెప్పించి, బలం మందని చెప్పి గుట్టుగా వేసేద్దామని అతని ఎత్తు. మర్నాడు తెప్పించాడు. ఈసారి మధ్య అరలోనే పెట్టాడు. కానీ సింహాద్రి రాలేదు. వేరే రేవులో పడవ బాగుచేసే పని తగిలి, లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. బలం సూది కోసం పని మానుకునే మనిషి కాదతను. పాండురంగం రెండు రోజులు దారి వైపు చూశాడు. వెతుక్కుంటూ మాత్రం వెళ్ళలేదు. వెళ్తే ఎందుకొచ్చావని అడుగుతారు మరి.

ఎనిమిదో రోజున సింహాద్రి తిరిగి వచ్చాడు. అన్నం ముందు కూర్చుంటే నోరు తెరుచుకోలేదు. పన్ను నొప్పేమో అనుకుంది పైడమ్మ. మర్నాడు పొద్దెక్కేసరికి మెడ బిగుసుకుపోయింది. నడుము విల్లులా వంగి, మనిషి మంచం మీద ఎగిరెగిరి పడ్డాడు. పట్నం పెద్దాసుపత్రిలో అతన్ని వెలుతురు లేని గదిలో పెట్టారు. వెలుతురు పడినా, చెంచా కింద పడిన చప్పుడైనా ఒళ్ళంతా మెలి తిరిగిపోయేది. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, ఆఖరి దాకా అతనికి తెలివి ఉంది.

"టీకా వేయించుకోలేదా?" అని డాక్టరు కోప్పడ్డాడు.

"రెండేయించుకున్నాడు బాబూ. నాను పక్కనే ఉన్నాను," అంది పైడమ్మ.

ఐదో రోజున సింహాద్రి చనిపోయాడు.

శవం వెంట పాండురంగం కూడా నడిచాడు. "మీరేటి సేస్తారు బాబూ, మీరు సెయ్యాల్సింది సేసినారు" అని జనం అతన్నే ఓదార్చారు. తల వంచుకుని ఆ ఓదార్పు కూడా తీసుకున్నాడు. అంతకంటే హీనమైన పని ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

ఊళ్ళో ఒక మాట పుట్టింది. "రెండు సూదులేయించుకున్న సింహాద్రే పోనాడు. ఇంక సూదులెందుకు?" పక్క ఊళ్ళో ఇంకో ఇద్దరు పిల్లలకు కంఠసర్పి సోకింది. అయినా తర్వాతి బుధవారం రూతమ్మ బడి వసారాలో సాయంత్రం దాకా కూర్చుంటే ఒక్క తల్లి కూడా రాలేదు. ఆమె పెట్టె సర్దుకుని వెళ్ళిపోవడం పాండురంగం తన షాపులోంచి చూశాడు.

సింహాద్రి పెద్దకార్యం అయిన మూడో రోజున, పైడమ్మ కూతుర్ని పట్టుకుని షాపుకు వచ్చింది.

"గుంటకి నిన్నటి నుంచి పీక నొప్పి బాబూ. గుటక పడతం నేదు. మాత్రేదైనా ఉంటే ఇయ్యండి."

పాండురంగం పిల్లను వెలుతురు వైపు తిప్పి నోరు తెరవమన్నాడు. గొంతులో బూడిద రంగు పొర కనబడింది. అతని వెనక అరలో గొంతు నొప్పి మాత్రలు ఐదు రకాలున్నాయి. ఎదురుగా పదిమంది మనుషులున్నారు. నూకరత్నం నోరు తెరిచి అతని వైపే చూస్తోంది. ఆ రోజు ఐసు సీసా వైపు ఆ తండ్రి ఎంత నమ్మకంగా చూశాడో, సరిగ్గా అట్లాగే చూస్తోంది.

"నా దగ్గర దీనికి మందు లేదమ్మా," అన్నాడు పాండురంగం.

అతని నోట ఆ మాట విని పదిమందీ ఇటు తిరిగారు.

"మీకు వేసిన సూదుల్లోనూ మందు లేదు," అన్నాడు. "ఐసులో పెట్టి పాడుచేశాను. తెలియక చేశాను. తెలిశాక దాచాను. సింహాద్రి అడిగినప్పుడు కూడా దాచాను. పద, పిల్లను పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం. ఆలస్యం చేయకూడదు."

పైడమ్మ అర్థం కానట్టు నిలబడిపోయింది. అతను బల్ల దాటి వచ్చి, పిల్లను ఎత్తుకుని, తల్లితో సహా ఆటో ఎక్కించాడు. షాపు తలుపులు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి.

పట్నంలో నూకరత్నానికి గొంతు దగ్గర కోసి, ఊపిరి కోసం గొట్టం పెట్టారు. ఇంకొక్క పూట ఆగి ఉంటే దక్కేది కాదన్నారు. పిల్ల బతికింది. గొంతు మాత్రం బొంగురుపోయింది. అది ఇక మామూలు కాదని చెప్పారు.

మర్నాటి నుంచి పాండురంగం రూతమ్మ వెంట నలభై గుమ్మాలూ ఎక్కాడు. ప్రతి గుమ్మం ముందూ చేతులు కట్టుకుని, "తప్పు సూదిది కాదు, నాది. మళ్ళీ వేయించుకోండి" అని చెప్పాడు. ఒకరు మొహాన తలుపు వేశారు. ఒకరు ఉమ్మేశారు. ఎవరో షాపు అద్దాలు పగలగొట్టారు. పై అధికారులు వచ్చి షాపుకు తాళం వేసి, అతని మీద కేసు పెట్టారు. అయితే ఆ బుధవారం బడి వసారా నిండిపోయింది. నిజం తెలిశాక జనానికి మళ్ళీ సూది మీద నమ్మకం కుదిరింది. ఆ కంఠసర్పి ఇంకో పిల్లను తాకలేదు.

ఆసుపత్రి నుంచి పిల్ల ఇంటికి వచ్చిన రోజున అతను పైడమ్మ గుమ్మం ఎక్కాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు. మంచం మీద నూకరత్నం పడుకుని ఉంది. దూలానికి సింహాద్రి ఉలీ సుత్తీ వేలాడుతున్నాయి.

"నేదన్న మాట ఆ రోజు మీ నోట ఎంత సులువుగా వొచ్చీసింది బాబూ," అంది పైడమ్మ. "మా ఆయన మేకు దిగి మీ కాడికొచ్చినప్పుడే ఆ మాట అనీసుంటే బతికుండును."

పాండురంగం ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ ఇంటి మీదుగా తలెత్తి నడవలేదు.

తెలియనిదాన్ని తెలియదని, చేసిన పొరపాటును చేశానని అప్పటికప్పుడు ఒప్పుకుంటే పోయేది మన పరువు ఒక్కటే. దాచిపెడితే పోయేది మనల్ని నమ్మినవాడి ప్రాణం.