మౌనం పట్టిన కోడలు

మా దొడ్డమ్మ శేషమాంబ గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు ఒక గ్లాసుడు మజ్జిగ ఇప్పించేవారు. తాగడం అయ్యాక, "ఊఁ, ఇప్పుడు మళ్ళీ అడుగు" అనేవారు. రెండోసారి అడిగేటప్పటికి చాలామంది ప్రశ్న సగానికి సగం తగ్గిపోయేది. కొందరికి అసలు ప్రశ్నే మారిపోయేది. రాజమండ్రిలో మా ఇంటి ముందు గదిలో మధ్యాహ్నం వేళ ఆవిడ పురాణం చెప్పేవారు. వచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళే. గురువుగారూ అంటే ఆవిడ ఒప్పుకునేవారు కాదు, అందుకని అందరూ అమ్మగారూ అనే పిలిచేవారు. మజ్జిగ కలపడం నా వంతు. అందువల్ల ఎవరు ఏం అడిగారో, ఏం విని వెళ్ళారో నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

ఇందుమతి మాత్రం మజ్జిగ తాగాక కూడా మొదట అడిగిన ప్రశ్నే అడిగింది.

ఇందుమతి ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్ళ చేతా, ఎముకలు విరిగినవాళ్ళ చేతా మళ్ళీ అడుగులు వేయించడం ఆమె పని. ఏటా చలికాలంలో సెలవు పెట్టి, కొంతమంది డాక్టర్లతో కలిసి కంబోడియా వెళ్ళి వచ్చేది. ఎప్పటి యుద్ధంలోనో పాతిపెట్టిన మందుపాతరల మీద కాలు పడి అక్కడ ఎందరో కాళ్ళు పోగొట్టుకున్నారట. వాళ్ళకి కృత్రిమ కాళ్ళు అమర్చి నడక నేర్పే శిబిరంలో జీతం లేకుండా పనిచేసేది. వచ్చాక ఫోటోలు తెచ్చి దొడ్డమ్మకి చూపించేది. కర్రల మీద నిలబెట్టిన ఇళ్ళు, నిచ్చెన లాంటి మెట్లు, కొత్త కాలితో మొదటి మెట్టు ఎక్కి నవ్వుతున్న ముసలాయన. దొడ్డమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ తీరిగ్గా చూసేవారు.

ఆ ఏడాది మాత్రం ఫోటోలు తేలేదు. పురాణం అయ్యి అందరూ లేచి వెళ్ళేదాకా కూర్చుంది.

"అమ్మగారూ, అక్కడ ముక్కూ మొహం తెలియని వాళ్ళ పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నాకు పొద్దు తెలియదు. ఇంటికొచ్చాక మా అత్తగారు 'అమ్మాయ్' అని ఒక్క కేక వేస్తే చాలు, ఒళ్ళు మండుకొస్తుంది. అక్కడ నేను చేసేది సేవా, వేషమా?"

దొడ్డమ్మ ఇప్పించిన మజ్జిగ తాగాక కూడా మళ్ళీ అదే అడిగింది. ప్రశ్న వెనకాల ఇంకొకటి ఉందని దొడ్డమ్మకి తెలిసే ఉంటుంది. కాసేపటికి అదీ బయటికి వచ్చింది.

ఇందుమతి వాళ్ళ ఇల్లు మామగారి కాలం నాటిది. వంటిల్లు చీకటి, గోడలకి చెమ్మ. దాన్ని బాగు చేయించే పని మొదలుపెట్టారు. వంటింట్లో కొత్త గట్టు, నిలువెత్తు అలమారలు. అత్తగారు భద్రమ్మ గారికి జారని బండలు పరిచిన స్నానాలగది. హాల్లో ఆవిడ కోసమే కొన్న మెత్తటి కుర్చీ, ఎదురుగా టీవీ. ప్లానంతా ఇందుమతి దగ్గరుండి గీయించింది. ప్రతిదీ అత్తగారికి చూపించి, "బాగుందా అత్తయ్యా?" అని అడిగింది కూడా. ఆవిడ ప్రతిదానికీ, "మీ ఇష్టమమ్మా, బాగానే ఉంది" అన్నారు. అన్నవారు రోజురోజుకీ ముడుచుకుపోయారు. తిండి తగ్గింది, మాట తగ్గింది. పెరిగిందల్లా 'అమ్మాయ్' అన్న ఆ పిలుపు ఒక్కటే. పరీక్షలు చేయిస్తే ఏ జబ్బూ లేదన్నారు. చివరికి ఆ వారంలోనే, "నన్ను తునిలో నా కూతురి దగ్గరికి పంపించెయ్యండి. ఇంక అక్కడే ఉంటాను" అన్నారట.

"ద్వాదశి సాయంత్రం రైలుకి టిక్కెట్టు కొనమని మా ఆయన్ని పోరుతున్నారు. ఎందుకంటే చెప్పరు. ఇదంతా ఎవరి కోసం చేయిస్తున్నాను అమ్మగారూ? పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి ఒక్క పొయ్యి మీద వండుకున్నాం. ఇప్పుడు ఆవిడ గడప దాటితే, వెళ్ళగొట్టింది నేనేగా?" అంటూ ఇందుమతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పైగా మా ఆయన వేళాకోళం ఒకటి. తిరిగొచ్చేటప్పుడు సామాను బరువెక్కువైందని నా ఓపికని విమానాశ్రయంలోనే దింపేసి వస్తున్నానట."

దొడ్డమ్మకి నవ్వొచ్చింది. ఇందుమతి భర్త ఉమాపతి చిన్నప్పటి నుంచీ అంతే, మాట విసిరితే తగలకుండా పోదు.

"ఆ దేశం వాళ్ళ భాష వచ్చా నీకు?" అని అడిగారు.

"ఎక్కడ వస్తుందమ్మగారూ? నమస్కారం చెప్పడం వచ్చు, అంతే."

"మరి వాళ్ళకేం కావాలో ఎలా తెలుస్తుంది?"

"చూస్తూ కూర్చుంటాను. ఎలా కూర్చుంటున్నారు, ఎలా లేస్తున్నారు, ఎక్కడ చెయ్యి ఆనిస్తున్నారు... అదే తెలుస్తుంది."

"సరే. ఎల్లుండి ఏకాదశి. మౌనం పట్టు. పలక మీద రాయడం, ఫోనులో రాసి చూపించడం, అలాంటివేవీ వద్దు. ద్వాదశి నాడు వచ్చి కనపడు."

ఇందుమతి మొహం చూస్తే, అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన కుదరలేదని తెలుస్తూనే ఉంది. అయినా దణ్ణం పెట్టి వెళ్ళింది. ఏకాదశి నాడు ఏం జరిగిందో తరవాత ఆమె చెప్పగా విన్నాం.

పొద్దున్నే భద్రమ్మ గారు కోడలిని కాఫీ అయిందా అని అడిగారట. జవాబు లేదు. "ఏమే, కోపమా?" అన్నారు. ఉమాపతి వచ్చి, "మౌనవ్రతం అమ్మా. శేషమాంబ గారు పట్టమన్నారట" అన్నాడు. "ఓహో. ఆ గోడలు కొట్టేవాళ్ళకి కూడా పట్టించకపోయారూ! చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి" అన్నారు ఆవిడ, కొత్త కుర్చీలో కూర్చుంటూ.

కాసేపటికి పిలుపు వినపడింది. "అమ్మాయ్!"

మామూలు రోజయితే ఇందుమతి ఎక్కడి పని అక్కడే చేసుకుంటూ, "వస్తున్నా అత్తయ్యా, ఉండండి" అని కేకేసి, చేతిలో పని ముగించుకుని ఎప్పటికో వెళ్ళేది. ఇవాళ కేక వేయడానికి లేదు. నోరు కట్టేసుకున్నాక కాళ్ళే వెళ్ళాలి. వెళ్ళింది. వెళ్ళి చూస్తే అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, మళ్ళీ ఆ మెత్తటి దిండులోకే కూరుకుపోతున్నారు. చెయ్యి అందించి లేపింది. ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళి, వచ్చి, మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ "అమ్మాయ్!" మళ్ళీ వెళ్ళింది. మంచినీళ్ళకి కాదు, మందుబిళ్ళకి కాదు. ప్రతిసారీ లేవడానికే. ఆ కుర్చీని ఎన్నుకుని కొన్నది తనే. దుకాణంలో తను కూర్చుని చూసింది కూడా. తన మోకాళ్ళకి అది హాయిగానే ఉంది మరి.

మధ్యాహ్నం మేస్త్రీ, కూలీలూ భోజనాలకి వెళ్ళారు. ఇల్లు సద్దుమణిగింది. అప్పుడు భద్రమ్మ గారు గోడ పట్టుకుంటూ వంటింట్లోంచి దొడ్డి గుమ్మం దగ్గరికి వెళ్ళారు. ఆ గుమ్మం బయట పెరట్లోకి దిగడానికి పాతకాలపు ఎత్తైన రాతి మెట్లు ఉన్నాయి. ద్వాదశి పొద్దున్న ఆ గుమ్మాన్ని ఇటుకలు కట్టి మూసేసి, మెట్లు తీయించి, లోపలి వైపు అలమార నిలబెట్టాలని ప్లాను. ఆవిడ గడప దాటి పై మెట్టు మీద కూర్చుని, పాదాలు కింది మెట్టు మీద ఆనించి, మర్నాటి పారణకని తోటకూర ఒళ్ళో పోసుకున్నారు. ఇందుమతి వెనకాలే వెళ్ళి గడపకి ఇవతల చతికిలబడింది.

"నువ్వెందుకే ఇక్కడ? ఉపవాసం, పోయి నడుం వాల్చు" అన్నారు ఆవిడ. కోడలు కదల్లేదు. కదలకపోతే ఆవిడే మొదలుపెట్టారు. ముందు తోటకూర గురించి, ఈ కాలపు విత్తనం గురించి. అక్కడి నుంచి మామగారి గురించి. ఆయన కోర్టు నుంచి రాగానే వీధి వైపు కాకుండా సందులోంచి వచ్చి ఈ మెట్టు మీదే కూర్చుని జోళ్ళు విప్పుకునేవారట, వాళ్ళమ్మగారికి కనపడకుండా భార్యకి పకోడీల పొట్లం అందించడానికి. "నూనె మరకల్ని బట్టి ఆవిడ కనిపెట్టేసేది. 'ఏమే భద్రం, నీ కొంగుకి ఆకలేసిందా' అనేది" అంటూ ఆవిడ నవ్వితే ఒళ్ళో కాడలు కింద పడ్డాయి. ఇన్నేళ్ళలో ఇందుమతి ఈ సంగతి వినలేదు. బహుశా ఆవిడ మొదలుపెట్టే ఉంటారు, తనే "అవును అత్తయ్యా, చెప్పారు" అని ఉంటుంది.

కూర ఒలవడం అయింది. ఆవిడ పళ్ళెం పక్కన పెట్టారు. రెండు పాదాలూ వెనక్కి లాక్కున్నారు, ఎడమ చేత్తో ద్వారబంధం పట్టుకున్నారు, ఒళ్ళు కాస్త ముందుకు వంచారు. లేచి నిలబడ్డారు. ఎవరినీ పిలవలేదు. కొంగు సర్దుకుని పళ్ళెం కోసం వంగబోతే ఇందుమతి అందించింది.

కాళ్ళు పోయిన వాళ్ళకి లేవడం నేర్పే మనిషి కదా, ఆ ఒక్క లేవడంలో అంతా కనపడిపోయింది. ఇంట్లో ఆవిడ ఒకరి సాయం లేకుండా కూర్చుని లేవగల చోటు అది ఒక్కటే. మెట్టు ఎత్తు ఆవిడ మోకాళ్ళకి సరిగ్గా సరిపోయింది, ద్వారబంధం చేతికి అందింది. రేపు అది ఇటుకల వెనక్కి పోతుంది. ఆ తరవాత పొద్దున లేచింది మొదలు ఒకరు లేపితే లేవాలి. ఆ సంగతి నోటితో చెప్పుకోవడం ఆవిడకి చేతకాలేదు. తుని అన్నారు.

అప్పుడే మేస్త్రీ పెరట్లోకి వచ్చాడు. "అమ్మగారూ, రేపు పొద్దున్నే గుమ్మం కట్టేస్తాం. ఇటుకలు ఇక్కడే దింపించమంటారా?" అన్నాడు. ఇందుమతి లేచి గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ అడ్డంగా చాచి, తల అడ్డంగా ఊపింది.

"దింపొద్దా? పోనీ వీధి వైపు దింపించనా?"

మళ్ళీ అడ్డంగా ఊపింది. ద్వారబంధం తట్టి చూపించింది. మెట్టు తట్టి చూపించింది.

"అంటే... గుమ్మం ఉంచేయమనా? మరి అలమారండీ? కొలతలిచ్చేశాం కదా!"

ఇందుమతి అలమారని గాలిలో బొమ్మ గీసి, చేత్తో అడ్డంగా నరికేసింది. మేస్త్రీ భద్రమ్మ గారి వైపు చూశాడు, ఈవిడకి ఏమైందన్నట్టు.

"మీ ఇష్టమమ్మా, నాకోసమని ప్లాను మార్చకండి" అన్నారు ఆవిడ. అంటూనే ద్వారబంధాన్ని మాత్రం వదల్లేదు. ఇందుమతి ఆ చేతి మీద తన చెయ్యి వేసి అలాగే నిలబడింది. మేస్త్రీ తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఎండ వాలాక భద్రమ్మ గారు మళ్ళీ మెట్టు మీద చేరారు. గోడ అవతల నుంచి పక్కింటి కాసులమ్మ గారు, "ఏం వదినా, బట్టలు సర్దుకున్నావా? రేపేగా నీ తుని ప్రయాణం?" అని అడగడం, దానికి అత్తగారు జవాబు చెప్పడం, లోపల దీపం పెడుతున్న ఇందుమతికి స్పష్టంగా వినపడ్డాయి.

ద్వాదశి నాడు పారణ అయ్యాక వచ్చి ఇదంతా చెప్పింది. మనిషి మొహం తేటగా ఉంది. గుమ్మం ఉండిపోతోంది, మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కమ్మీ కూడా పెట్టిస్తోంది. అలమార ఒకటి తగ్గింది. మెత్తటి కుర్చీ ఉమాపతి వంతుకి వచ్చింది, అందులోంచి లేవలేక పొద్దున్న అతను కూడా "ఇందూ" అని పిలిచాడట. చెబుతుంటే దొడ్డమ్మ కళ్ళు మూసుకుని వింటున్నారు. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాను.

"ఒక్కటే అర్థం కాలేదు అమ్మగారూ" అంది ఇందుమతి. "కాసులమ్మ గారు తుని సంగతి అడిగితే మా అత్తగారు ఏమన్నారో తెలుసా? 'తుని ఎక్కడికి పోతుందిలే. ఇవాళ మా కోడలు ఎంత బాగా మాట్లాడిందనుకున్నావు! పొద్దుట నుంచీ మాట్లాడుతూనే ఉంది' అన్నారు. నేను పెదవి విప్పితే ఒట్టు. ఆవిడకి మతిమరుపు గానీ మొదలవుతోందంటారా?"

దొడ్డమ్మ కళ్ళు తెరిచారు.

"భద్రమ్మని నేను ఎరుగుదును. అబద్ధం చెప్పే మనిషి కాదు."