ఐదుగురు నూకరత్నాలు

శిష్యులు ప్రశ్న అడిగితే ఆచారి మాస్టారు కూర్చుని జవాబు చెప్పడం అరుదు. ప్రశ్నంతా వినేవారు, ఇంకేమైనా ఉందా అని అడిగేవారు, లేదంటే లేచి చెప్పులు వేసుకునేవారు. ఇక ఆయన వెనక నడవడమే శిష్యుల పని. ఎక్కడికని అడిగితే చెప్పరని అందరికీ తెలుసు కనుక ఎవరూ అడిగేవారు కాదు. ముప్పై ఏళ్ళు మద్రాసులో కార్టూన్ సినిమాలకి బొమ్మలు గీసి, చెయ్యి వణకడం మొదలయ్యాక అమలాపురం వచ్చేశారాయన. మేడమీద గదిలో ఆదివారాలు, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు, బొమ్మతో కథ చెప్పడం నేర్పేవారు.

ఆ గదికి రెండేళ్ళుగా వస్తున్నవాళ్ళలో సంగాడి భార్గవి ఒకతె. పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించే స్టూడియోలో పని చేసేది. ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చి మాస్టారి ముందు పెట్టింది. అందులో పెద్ద పట్టిక ఉంది. మాటల్లో రాసిచ్చిన దృశ్యాన్ని బొమ్మల వీడియోగా మార్చి ఇచ్చే ఏఐ టూల్సు ఐదింటిని ఆమె నాలుగు నెలలపాటు పరీక్షించింది. ఒకదానిలో వెలుగునీడలు కళ్ళు తిప్పుకోనివ్వవు, కానీ ఒక షాట్‌లో ఉన్న మనిషి మరో షాట్‌కి వేరే మనిషైపోతుంది. ఇంకోదానిలో జుట్టు, చీర కుచ్చెళ్ళు గాలికి నిజంగా ఊగినట్టే ఊగుతాయి, కానీ ఎనిమిది సెకన్లు దాటితే క్లిప్ తెగిపోతుంది. మూడోది తెలుగు మాటకి పెదవులు కదుపుతుంది, కాకపోతే చెరకు నములుతున్నట్టు. నాలుగోది రంగుల పటంలా అందంగా ఉంటుంది, ఎవరి మొహంలోనూ ప్రాణం ఉండదు. ఐదోది అన్నిటికన్నా సాదా, చేతులు మరీ అధ్వానం. దానికి పట్టికలో అడుగున చోటు దక్కింది. పదిహేను గడులు, గడిగడికీ మార్కులు.

“ఇది బాగుందనుకునేసరికి రెండోదాని కొత్త వెర్షన్ వస్తోంది మాస్టారూ. మళ్ళీ మొదట్నించీ పోల్చుకోవాలి. వీటిలో దేంతో నా సినిమా చెయ్యమంటారు?”

“సినిమా ఎవరికి?”

“మా మామ్మకి,” అంది భార్గవి. మిగిలింది కూడా చెప్పింది. ఎనభయ్యారు వరదలో వాళ్ళ లంక మునిగినప్పుడు పెద్ద మామ్మ నూకరత్నం ఒక్కతే నావ వేసుకుని ఆరుసార్లు తిరిగి నలభైమంది ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఏటిగట్టుకి చేర్చిందట. ఆవిడ పోయి ముప్పయ్యేళ్ళయింది. ఆ నావలో వచ్చిన పెద్దవాళ్ళలో ఇప్పుడు లంకలో మిగిలింది ఆవిడ తోడికోడలు, అంటే భార్గవి మామ్మ వీరకాంతం. ఆమెకి కళ్ళలో నీటికాసులు ముదిరాయి. కుడి కన్ను పోయింది. ఎడం కంటి నరం కూడా ఎండిపోతోందనీ, వానాకాలం దాటాక వెలుగూ చీకటీ తప్ప మరేదీ కనిపించకపోవచ్చనీ డాక్టరు చెప్పారు. అక్కని ఒక్కసారి చూడాలని ఉందే, అని మామ్మ అంది. నూకరత్నానికి ఒక్క ఫోటో కూడా లేదు.

“ఇంకేమైనా ఉందా?”

“లేదండి.”

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు.

బస్సు దిగి, గట్టు మీద నడిచి, పంటులో ఏరు దాటేసరికి మధ్యాహ్నమైంది. దారి పొడుగునా భార్గవి టూల్సు గురించి చెబుతూనే ఉంది, ఆయన ఊ కొడుతూనే ఉన్నారు. వీరకాంతం వాకిట్లో చాప వేసుకుని కొబ్బరాకుల నుంచి చీపురుపుల్లలు తీస్తోంది. కంటితో పని లేకుండా వేళ్ళే ఈనె ఎక్కడుందో చూసుకుంటున్నాయి. మనవరాలి గొంతు విని మొహం ఎత్తింది. పక్కన మాస్టారున్నారని తెలిసి కొంగు సర్దుకుంది.

“ఆయ్, రండి మాస్టారూ. కూకోండి. ఎండనపడి వచ్చేరు.”

మాస్టారు చాప చివర కూర్చుని, తనూ ఓ కొబ్బరాకు అందుకుని, “ఐదూ చూపించు,” అన్నారు భార్గవితో.

ఐదు టూల్సుతోనూ ఆమె చేసి చూసిన దృశ్యం ఒక్కటే. పొంగిన ఏరు, నావ, నావ వెనక నిలబడి తెడ్డు వేస్తున్న నూకరత్నం. వీరకాంతం భార్గవి సంచిలోంచి తీసిచ్చిన టాబ్‌ని ఎడం కంటికి జానెడు దూరంలో పట్టుకుని, తల వంచి, కోడిలా పక్కవాటుగా చూసింది. భార్గవి ఏ క్లిప్ దగ్గర మామ్మ మొహం కదులుతుందో పట్టుకోవాలని చూస్తూ కూర్చుంది. అది ఏ క్లిప్ దగ్గరా కదల్లేదు.

“బానే ఉన్నాయే,” అంది మామ్మ టాబ్ తిరిగి ఇస్తూ. “ఎవరే ఈవిడ?”

“పెద్ద మామ్మే కదా!”

“అక్కా?” వీరకాంతం మళ్ళీ టాబ్ అడిగి తీసుకుంది. “ఈళ్ళు ఐదుగురూ జుట్టు ఇరబోసుకుని ఆకాశంకేసి చూస్తన్నారేంటే. ఒకత్తి ఏడుస్తంది కూడాను. అక్క ఏడిసిందని నీకెవరు చెప్పేరు?”

భార్గవి తెల్లబోయింది. ఎవరూ చెప్పలేదు. ఏడిపించమని తనూ అడగలేదు. వరద, ఆడమనిషి, పడవ అని రాస్తే కన్నీళ్ళు వాటంతట అవే వచ్చాయి.

“మరి ఏం చేసింది మామ్మా?”

“ఏం కూర వండేవే అనడిగింది.”

మాస్టారు తను తీస్తున్న చీపురుపుల్లని పక్కన పెట్టారు.

వీరకాంతం చెప్పింది. నూకరత్నం తలకి తువ్వాలు బిగించి కట్టుకుని నావ వెనక నిలబడింది. ఎక్కినవాళ్ళందర్నీ తన వైపు తిరిగి కూర్చోమంది. నావ కదిలిన దగ్గర్నించీ ఒక్కొక్కళ్ళనే పేరుపెట్టి అడగడం మొదలెట్టింది, నిన్న నీ ఇంట్లో ఏం కూరే అని. గోంగూర రొయ్యలని వీరకాంతం అంటే, ఉప్పు ఎక్కువేశావట కదా, మీ ఆయన మా ఇంటికొచ్చి చెప్పుకుని ఏడిచాడు అంది. ఆ నీళ్ళ మధ్యన అందరూ నవ్వారు. పిల్లలు కూడా. రెండో తడవ ఏరు సగం దాటేసరికి వెనక లంకలో పెద్ద చప్పుడైంది. కూర్చున్నవాళ్ళు లంక వైపే తిరిగి ఉన్నారు కనుక అందరూ చూశారు. కూలింది నూకరత్నం ఇల్లే.

“అక్క మటుకు తిరగలేదు. మా మొకాలకేసి చూసింది. ఓ ఘడియ అలా చూసింది. మా మొకాల్లోనే తెలిసిపోయినాదే దానికి. తెడ్డు ఆపలేదు. చంటిబిడ్డతో ఉన్న పల్లాలమ్మకేసి తిరిగి, నువ్వు చెప్పవేంటే, నీ కూరేంటి, అంది. అలాగే ఇంకో నాలుగు తడవలు తిరిగింది.”

వీరకాంతం మళ్ళీ ఈనెలు చీల్చడంలో పడింది.

“ఇన్నేళ్ళూ ఇది మాకెందుకు చెప్పలేదు మామ్మా?”

“అడిగితే కదా. ఎంతమందిని దాటించిందనే అడిగేవోరు అందరూ.”

తిరుగు పంటులో భార్గవి టూల్సు ఊసెత్తలేదు. సిగ్గుగా ఉంది. నాలుగు నెలల్లో పదిహేను గడులు నింపింది, పక్క జిల్లాల కుర్రాళ్ళు కూడా ఆ పట్టిక అడిగి తీసుకుని మెచ్చుకున్నారు. మామ్మని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. మొదలుపెట్టని సినిమా ఎప్పటికీ పాడవదు కదా. గట్టెక్కాక ఆమె, “రేపట్నించి చేస్తాను మాస్టారూ,” అంది. ఆయన ఊ కొట్టారు.

మర్నాడు పొద్దున్నే ఐదు టూల్సుకీ ఒకే దృశ్యం రాసిచ్చింది. తువ్వాలు కట్టుకున్న ఒక స్త్రీ ఎదటివాళ్ళతో మాట్లాడుతోంది. వాళ్ళ మొహాలు చూసి తన వెనక ఏం జరిగిందో గ్రహించింది. తల తిప్పలేదు, ఏడవలేదు, మళ్ళీ మాట్లాడింది. మొదటి టూల్ ఆమెని వెనక్కి తిప్పింది. రెండోది బోరున ఏడిపించింది. మూడోది పెదవులు ఆపకుండా కదుపుతూనే ఉంది, ఆగమన్న చోట కూడా. నాలుగోది ఎప్పటిలా అందంగా చూస్తూ ఊరుకుంది. పట్టిక అడుగున పడి ఉన్న ఐదోది మాత్రం ఆ మొహాన్ని ఉన్నది ఉన్నట్టు నిలిపి ఉంచింది. అందులో ఏదో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది. నాలుగు నెలల్లో తేలనిది స్టూడియో తలుపులు తెరిచే వేళకి తేలిపోయింది.

తేలినంత మాత్రాన సినిమా అయిపోలేదు. రోజూ తెల్లవారుజామునే లేచి తొమ్మిదింటి దాకా చేసేది, ఆ తరవాత పనికి పోయేది. ఆదివారాలు లంకకి వెళ్ళి మామ్మ గొంతు రికార్డు చేసుకునేది. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి కూరేంటి, ఎవరు నవ్వలేదు, ఇవన్నీ అడిగి రాసుకుంది. నూకరత్నం ఆగిన ఆ ఒక్క క్షణాన్ని అరవైయొక్కసారి చేయించింది. మామ్మ ప్రతిదీ కంటి దగ్గర పెట్టుకుని, “కాదు,” అనేది. “గెడ్డం కాస్త దించేది,” అనేది. “ఇది అక్క చెల్లెలిలా ఉంది,” అని ఒకసారి అంది. ఆ మాటకి భార్గవి వారం రోజులు హుషారుగా పని చేసింది. చేతులు ఎంతకీ కుదరకపోతే, తెడ్డు పట్టిన చేతుల్ని తానే కాగితం మీద గీసింది, వరసగా నూట పన్నెండు బొమ్మలు. మాస్టారు వణికే వేలితో మణికట్టు ఎక్కడ వంగాలో చూపించేవారు, అంతే. మధ్యలో రెండు టూల్సుకి కొత్త వెర్షన్లు వచ్చాయని స్టూడియోలో చెప్పారు. తెరిచి చూడలేదు.

ఏడు నిమిషాల సినిమా అయ్యేసరికి వానలు ముదిరాయి. ఒక ఆదివారం ఉదయం, మబ్బు విడిచిన గంటలో, వాకిట్లోనే చూపించింది. వీరకాంతం కన్ను అప్పటికి బాగా మసకబారింది. తెరని ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుంది. చుట్టూ వదినలూ పిన్నులూ చేరారు. తెర మీద నూకరత్నం తువ్వాలు బిగించుకుని, తెడ్డు లాగుతూ, “వీరకాంతం, నిన్న నీ ఇంట్లో ఏం కూరే?” అంది.

“గోంగూర రొయ్యలు,” అంది వీరకాంతం పైకే.

నవ్వబోయిన పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇల్లు కూలిన చప్పుడు వచ్చింది. తెర మీద ఇల్లు లేదు, తిరిగి కూర్చున్న ఎనిమిది మొహాలూ, వాటిని చూస్తున్న ఒక్క మొహమూ ఉన్నాయి. వీరకాంతం వేలు తెర మీద ఆ మొహాన్ని తాకింది. తాకగానే వీడియో ఆగిపోయింది. ఎవరూ దాన్ని మళ్ళీ కదపలేదు. “ఉండనీ,” అంది ఆవిడ. “కాసేపు ఉండనీ.”

అందరూ లేచాక భార్గవి మాస్టారి పక్కన వచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. అయినా చేసినవాళ్ళ బాధ వాళ్ళది.

“ఏరు మాత్రం సరిగ్గా రాలేదు మాస్టారూ. వరదలా లేదు, బూడిదరంగు గుడ్డలా ఉంది. వేరే దాంతో చేసుంటే బాగా కనిపించేది.”

మాస్టారు ఏటికేసి చూశారు.

“ఆ ఏరు నావలోవాళ్ళకి కనిపించకూడదనే కదటమ్మా,” అన్నారు, “ఆవిడ అన్ని కూరలు అడిగింది.”