ఇంకొక్కపాలి కొట్టమ్మా!

విజయనగరంలో పైడిరాజు అనే ఫోటోగ్రాఫరుకి చెయ్యి మంచిదే కానీ, దేనికీ కాచుకుని కూర్చునే ఓపిక ఉండేది కాదు. పెళ్ళిలో తాళి కట్టే వేళకి ఎవరితోనో కబుర్లాడుతూ ఉండేవాడు. తీరా మూడు ముళ్ళూ పడిపోయాక పరుగెత్తుకొచ్చి, "బాబూ, ఇంకొక్కపాలి కట్టినట్టు పట్టుకోండి!" అనేవాడు. పెళ్ళికొడుకు పాపం మళ్ళీ వంగేవాడు. ఫ్లాష్ మెరిసేది, ఫోటో వచ్చేది. పురోహితుడు మాత్రం పళ్ళు నూరేవాడు.

అతని కూతురు లాస్య షటిల్ బాగా ఆడేది.

"నాన్నా, నావన్నీ కప్పు పట్టుకుని నిలబడ్డ ఫోటోలే. గాల్లోకి ఎగిరి కొట్టేది ఒక్కటీ లేదు. ఊరందరి ఫోటోలూ తీస్తావు, నాది తియ్యవా?" అంది ఓరోజు.

పైడిరాజు మనసు చివుక్కుమంది. "అదెంత పనమ్మా! రేపు ఫైనల్లో తీస్తాను. స్టూడియో ముందు అద్దంలో పెళ్ళిజంట ఫోటో తీసేసి నీదే పెడతాను, చూడు!" అని మాటిచ్చాడు.

ఫైనల్ ఒక పాత గోనెసంచుల గిడ్డంగిలో జరిగింది. కోర్టుకి ఒక వైపు దీపం బాగానే వెలుగుతోంది, రెండో వైపు అంతా మసక. లాస్య మొదట ఆ మసక వైపే ఆడింది. షటిల్ అటు పోయింది, ఇటు వచ్చింది, ఎక్కడుందో చూసేలోపే పాయింటు అయిపోయింది! పైడిరాజు టపటపా నొక్కేశాడు. తీరా చూసుకుంటే ఫోటోల్లో కూతురు లేదు, తెల్లటి పొగలా ఏదో ఉంది.

ఇలా లాభం లేదని ఫ్లాష్ తగిలించాడు. లాస్య ఎగిరింది. ఫ్లాష్ తళుక్కుమంది. ఆ వెలుగు నేరుగా పిల్ల కళ్ళలో పడింది, షటిల్ నేలమీద పడింది. దాంతో మొదటి గేము పోయింది.

అప్పుడైనా ఊరుకున్నాడా? అలవాటు చొప్పున కోర్టు గీత దాకా పరుగెత్తి, "అమ్మా, ఇంకొక్కపాలి కొట్టమ్మా!" అని అరిచాడు.

జనమంతా గొల్లుమన్నారు. "ఏటి పైడిరాజూ, పెళ్ళిపందిరనుకున్నావేటి!" అన్నారెవరో. అంపైరు నవ్వలేదు. "ఇంకోసారి ఫ్లాష్ వేస్తే బయటికి పంపేస్తాను" అన్నాడు. లాస్య తలొంచుకుని చెమట తుడుచుకుంటోంది. ఆ ముఖం చూసేసరికి పైడిరాజుకి తల కొట్టేసినట్టయింది.

ఫ్లాష్ తీసి సంచిలో పడేశాడు. కెమెరా ఒళ్ళో పెట్టుకుని, రెండో గేమంతా ఊరికే చూస్తూ కూర్చున్నాడు. చూడగా చూడగా ఒక సంగతి పట్టుబడింది. ఎగిరే ముందు లాస్య కుడి భుజం కాస్త వెనక్కి దించుతుంది. ఎగిరాక, కిందికి దిగే ముందు, రెప్పపాటు కాలం గాల్లో ఆగినట్టే ఉంటుంది. ఆగినదాన్ని తక్కువ వెలుగులో కూడా తియ్యొచ్చు! అందులోనూ ఇప్పుడు ఆమె దీపం ఉన్న వైపు ఆడుతోంది. ఫోటో కాస్త చుక్కలు చుక్కలుగా, గరుకుగా వచ్చినా సరేనని, కెమెరాని ఆ వెలుగుకి తగ్గట్టు సర్దుకున్నాడు. ఇంతలో గేము ముగిసింది. లాస్య గెలిచింది!

మూడో గేములో లాస్య మళ్ళీ మసక వైపు వెళ్ళింది. వేలు ఎంత దురద పెట్టినా పైడిరాజు నొక్కలేదు. సగం ఆటకి వైపులు మారి, లాస్య దీపం వైపుకి వచ్చింది. ఇరవైయొక్క పాయింట్ల ఆటలో పంతొమ్మిది దగ్గర ఇద్దరూ సమానం! జనం ఊపిరి బిగపట్టారు. షటిల్ పైకి లేచింది. లాస్య భుజం దిగింది. ఎగిరింది! టక్! ఒక్కటే నొక్కు.

పాయింటు లాస్యదే. తర్వాతి పాయింటుకి పైడిరాజు కెమెరా సంగతే మరిచిపోయి ఈలలు వేశాడు. కప్పు కూడా లాస్యదే అయింది!

"ఇది నేనేనా నాన్నా!" అంది లాస్య ఫోటో చూసి. కాళ్ళు నేలకి అంత ఎత్తున ఉన్నాయి, కళ్ళు షటిల్ మీద ఉన్నాయి. "ఎంత బాగుందో! ఆ ఫ్లాష్ మాత్రం జన్మలో మరిచిపోను" అని నవ్వింది.

మర్నాడే అది స్టూడియో అద్దంలోకి ఎక్కింది. ఆ వారం జరిగిన పెళ్ళిలో, తాళి చేతికి అందకముందే పైడిరాజు కెమెరాతో సిద్ధంగా నిలబడ్డాడు.

"ఏమి నాయనా, ఈసారి మళ్ళీ కట్టమనలేదు?" అని ఆశ్చర్యపోయాడు పురోహితుడు.

"మా అమ్మాయి ఆటే నాకు కాచుకోవడం నేర్పింది పంతులుగారూ" అన్నాడు పైడిరాజు.

నీతి: జరిగిపోయిన క్షణం బతిమాలినా తిరిగి రాదు, కనిపెట్టుకుని, ఓపిగ్గా కాచుకున్నవాడికే అది చిక్కుతుంది.