పోలయ్యంత వెడల్పు జాలీ

దేవుడు తెలివి పంచిపెట్టిన రోజున అందరికంటే ముందు వెళ్ళి గంపెడు తెచ్చుకున్నామని తాటిదిబ్బ ఊళ్ళో నూకమ్మ ఇంటివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆ గంపకి అడుగు ఉందో లేదో మాత్రం ఎవరూ చూసుకోలేదు.

ఆ ఇంట్లో నూకమ్మ, ఆవిడ పెద్దకొడుకు గవరయ్య, చిన్నకొడుకు పోలయ్య, పోలయ్య పెళ్ళాం పైడితల్లి. గవరయ్య రోకలి అంత పొట్టి. పోలయ్య పాక మోసే నిట్టాడు అంత పొడుగు. "మా ఇంట్లో ఒక మాట చెబితే ఆ మాట ప్రకారం జరిగి తీరాల్సిందే. ఇసుమంత అటూ ఇటూ పోదు" అని నూకమ్మ నూతి దగ్గర గొప్పలు పోయేది. అది నిజమే. వచ్చిన చిక్కంతా అదే కదా.

పైడితల్లికి మూడో నెల. వేవిళ్ళు. అన్నం చూస్తే వాంతి, పప్పు వాసనొస్తే వాంతి. ఆ పిల్ల నోట ఒక్కటే మాట. "మన పెరట్లో కాసిన ఆనపకాయతో బెల్లం వేసి పులుసు పెడితే తింటాను. ఇంకేదీ నా గొంతు దిగదు." వేవిళ్ళ మనిషి కోరింది పెట్టకపోతే పుట్టే బిడ్డకి చెవిలో చీము కారుతుందని పెద్దవాళ్ళు అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచీ పోలయ్యకి కంటిమీద కునుకు లేదు. పుట్టని బిడ్డ చెవిని తలుచుకుని తన చెవులు రెండూ పట్టుకుని కూర్చునేవాడు.

పెరట్లో ఆనప పాదు ఉంది. దానికి మూడు వైపులా గోడలే. ఒక వైపు ఇల్లు, ఒక వైపు పశువుల పాక, వెనక ప్రహరీ. నాలుగో వైపు మాత్రం ఖాళీ. ఆ ఖాళీలోంచి పక్కింటి కొండమ్మ మేక వచ్చి నేలమీది పిందెలన్నీ నమిలేసింది. పాక చూరు పట్టుకుని వేలాడుతున్న ఒక్క పిందె మిగిలింది.

"ఆ ఒక్కటీ పోతే నా బిడ్డ చెవి ఏమైపోతుందే అమ్మా!" అని పోలయ్య బావురుమన్నాడు.

"ఊరుకో తమ్ముడూ, నేను లేనూ?" అన్నాడు గవరయ్య. "వడ్రంగి వీరాచారిగారి చేత బద్దల జాలీ చేయిద్దాం. చుట్టూ చట్రం, మధ్యలో అడ్డబద్దలు, నిలువు బద్దలు. గాలి వస్తుంది, ఎండ వస్తుంది, మేక రాదు."

"రావద్దని మేకకి ఎవరు చెబుతారు?" అంది నూకమ్మ.

"జాలీయే చెబుతుందమ్మా."

"ఓహో" అనుకున్నారు అందరూ.

వీరాచారి విని, "సరే, ఆ ఖాళీ వెడల్పు ఎంతో కొలత పట్టుకురండి. వెంట్రుకవాసి తేడా రాకూడదు" అన్నాడు. అంతే. అన్నదమ్ములిద్దరూ పెరట్లోకి పరిగెత్తారు. తాడుతో కొలుద్దామంటే తాడు సాగుతుందేమో. కర్రతో కొలుద్దామంటే కర్ర ఎండకి ముడుచుకుంటుందేమో. ఆలోచించి ఆలోచించి పోలయ్య వెళ్ళి ఆ ఖాళీలో అడ్డంగా పడుకున్నాడు. తల ఈ గోడకి తగిలింది. మడమలు ఆ గోడకి తగిలాయి.

గవరయ్య గంతులేశాడు. "ఒరేయ్ తమ్ముడూ! వెంట్రుకవాసి తేడా లేదు! ఈ వెడల్పు నువ్వేరా!"

పోలయ్య సంతోషం పట్టలేక లేవబోయాడు.

"లేవకు! లేవకు! నిలబడితే ఎత్తైపోతావు. ఆయన అడిగింది వెడల్పు!"

ఇంకేముంది, పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే నులకమంచం మీదికి దొర్లించారు. ముందు గవరయ్య, వెనక నూకమ్మ మంచం పట్టుకున్నారు. పైడితల్లి వాంతి వస్తుందేమోనని కొంగు నోట్లో కుక్కుకుని వెంట నడిచింది. వీధిలోకి వచ్చారో లేదో, చూసినవాళ్ళు చూసినట్టే గుండెలు బాదుకున్నారు. "అయ్యో పోలయ్యా! నిన్న సాయంత్రం కూడా రాయిలా తిరిగావే! కడుపుతో ఉన్న పిల్లని అన్యాయం చేసి పోయావే!" జంగందేవర ఒకాయన ఎక్కడ విన్నాడో ఏమో, శంఖం ఊదుకుంటూ వచ్చి ముందు నడవడం మొదలుపెట్టాడు.

పోలయ్యకి ఇదంతా వింతగా ఉంది. ఇన్నాళ్ళూ నిటారుగా తిరిగినందుకు ఆకాశం ఇంత ఉందని తెలియనే లేదు. కొబ్బరాకులు, కాకులు, గాలిపటం ఒకటి, అన్నీ తనకోసమే పైన నడుస్తున్నాయి. 'ఊరంతా ఎత్తులే. వెడల్పుని నేనొక్కణ్ణే' అనుకుని ఛాతీ పొంగించబోయి, కొలత మారుతుందేమోనని మళ్ళీ ఊపిరి వదిలేశాడు. ఒక ముసలమ్మ మంచం మీద పడి ఏడుస్తుంటే ఆయనకి జాలేసింది. తల కదపకుండా మెల్లిగా చెప్పాడు. "నేను పోలేదు పెద్దమ్మా. వెడల్పుని."

పాపం ఆ ముసలమ్మ కేక పెట్టిన కేక పెట్టినట్టే పొలాలకి అడ్డంపడి పరిగెత్తింది.

మంచం చూసి వీరాచారి చేతిలో చిత్రిక జారిపోయింది. "అయ్యయ్యో, ఎప్పుడు పోయాడు నాయనా?"

"పోవడమేమిటి ఆచారిగారూ, కొలత తెచ్చాం. వెంట్రుకవాసి తేడా లేదు, జుట్టు కూడా దువ్వించి తెచ్చాం."

ఆయన కాసేపు మనిషి వంక, కాసేపు మంచం వంక చూశాడు. వీళ్ళతో వాదించేకంటే కొలవడమే సుఖమనిపించింది కాబోలు, గజంబద్ద తెచ్చి పోలయ్యని కొలుచుకున్నాడు. "ఇక లెయ్యరా బాబూ."

"పని అయ్యేదాకా వాడికి అన్నం తగ్గించనా ఆచారిగారూ? పెరిగిపోతాడేమో" అంది నూకమ్మ.

"అక్కర్లేదు తల్లీ. కన్నాలు ఎంత పెట్టమంటారో అది చెప్పండి. మేక తల పట్టకుండా పెడితే చాలునా?"

"మాకు మేక లేదు. కొండమ్మ మేక తల పట్టకూడదు" అన్నాడు గవరయ్య.

"ఎవరి మేకదైనా పట్టదులే!"

జాలీ తయారైంది. పిడికిలి పట్టేటంత కన్నాలు, ముచ్చటగా ఉంది. చట్రానికి అటొకటి ఇటొకటి, మట్టిలో పాతడానికి కాళ్ళు వదిలాడు. తీసుకెళ్ళేటప్పుడు వీరాచారి నెమ్మదిగా, పసిపిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "మోకాలి లోతు గుంటలు రెండు తియ్యండి. మట్టిలోకి వెళ్ళే కాళ్ళకి తారు పుయ్యండి, చెద పట్టదు. నిలబెట్టి, మట్టి కూరి, నీళ్ళు పోసి తొక్కండి. మట్టి ఆరి గట్టిపడేదాకా కదపకండి."

దారి పొడుగునా గవరయ్య ఆ మాటలే వల్లించాడు. దారి పొడుగునా నూకమ్మ, కన్నాలు ఎక్కడ జారిపోతాయోనని జాలీ కింద కొంగు పట్టి నడిచింది. ఇంటికొచ్చి కొంగు దులిపి చూసుకుంది. ఒక్క కన్నం కూడా రాలలేదు. ఆవిడ ప్రాణం కుదుటపడింది.

అన్నదమ్ములు గుంటలు మొదలుపెట్టారు. అంతలో పోలయ్యకి అనుమానం వచ్చింది. "అన్నా, మోకాలి లోతంటే ఎవరి మోకాలు? నీ మోకాలు నాకు పిక్క దగ్గరే ఉంది."

"పెద్దవాణ్ణి నేను. నా మోకాలే."

"బిడ్డ నాది. నా మోకాలే."

కొట్టుకునేలా ఉన్నారని నూకమ్మ తీర్పు చెప్పింది. "ఎవరి గుంట వాళ్ళ మోకాలికి తవ్వుకోండి." బాగుందనుకున్నారు. ఇంటి గోడ దగ్గర గవరయ్య, పాక గోడ దగ్గర పోలయ్య తవ్వుకున్నారు. లోతు చాలిందో లేదో చూడటానికి ఎవరి గుంటలో వాళ్ళు దిగారు.

"ఇలా దిగితే ఏం తెలుస్తుంది? మట్టి కూరితే కదా మోకాలికి వచ్చిందో లేదో తెలిసేది!" అన్నాడు గవరయ్య.

"ఆగన్నా!" అన్నాడు పోలయ్య. తనకి ఇంత జ్ఞాపకం ఉందని తనకే ఆశ్చర్యమేసింది. "మట్టిలోకి వెళ్ళే కాళ్ళకి తారు పుయ్యమన్నారు."

అంతే. పైడితల్లి ముక్కు మూసుకుని తారు డబ్బా తెచ్చింది. నలుగు పెట్టినట్టు నాలుగు కాళ్ళకీ పట్టించింది. నూకమ్మ మట్టి కూరింది, నీళ్ళు పోసింది, అత్తాకోడళ్ళిద్దరూ కలిసి తొక్కారు. మట్టి సరిగ్గా మోకాళ్ళ దాకా వచ్చింది.

"భలే కుదిరింది!" అన్నాడు గవరయ్య. "ఇక మట్టి ఆరేదాకా కదలకూడదు."

"మరి జాలీ?" అంది పైడితల్లి.

జాలీ గోడకి ఆనుకుని వాళ్ళ వంకే చూస్తోంది. గుంటలేమో నిండిపోయాయి. ఏం చేస్తారు? ఆడవాళ్ళిద్దరూ జాలీని ఎత్తి, అన్నదమ్ములు పాదు వైపు, తాము ఇవతల ఉండేలా నేలమీదే నిలబెట్టి, గోగునార తాడుతో ఒక కొస గవరయ్య నడుముకి, ఒక కొస పోలయ్య నడుముకి కట్టేశారు. జాలీ కాళ్ళు మట్టిలోకి దిగలేదు కాబట్టి దాని కింద మోకాలెత్తు సందు మిగిలింది. మిగిలితే మిగిలింది. మేక తల పట్టకూడనిది కన్నాల్లో కదా!

ఆ సాయంత్రమే మేక వచ్చింది. కన్నంలో ముట్టె పెట్టింది.

"పట్టదే! పట్టదు! ఆచారిగారు చెప్పారు!" అన్నాడు గవరయ్య.

మేక ఇంకో కన్నం చూసింది. అదీ పట్టలేదు. అప్పుడు తల వంచి, కింది సందులోంచి తాపీగా లోపలికి వెళ్ళి ఆకులు మేయసాగింది.

"అన్నా, మేక లోపలుంది."

"ఎలా వస్తుందిరా? కన్నంలో తల పట్టలేదని నువ్వే చూశావుగా."

"మరి అదేమిటి?"

గవరయ్య బాగా ఆలోచించాడు. "అది ముందునుంచీ లోపలే ఉండుంటుంది. మనం ఆపాల్సింది లోపలికి వచ్చే మేకని. లోపలున్న మేకతో మనకేం పని?"

పోలయ్యకి గుండె నిమ్మళించింది.

రోజులు గడుస్తున్నాయి. నూకమ్మ పొద్దునా సాయంత్రమూ కొడుకుల కాళ్ళకి నీళ్ళు పోసి తొక్కుతోంది. చూరు పట్టుకున్న పిందె ఊరి, కాయ అయింది. కిందికి జారి పోలయ్య చెవికి తగులుతూ ఊగుతోంది. బిడ్డ చెవి కోసం కాసిన కాయ తన చెవికి తగిలినప్పుడల్లా ఆయన కళ్ళు చెమ్మగిల్లేవి.

కోతకి వచ్చిన రోజున పైడితల్లి కత్తిపీట వేసుకుని, చెయ్యి కన్నంలోంచి పెట్టి కాయని పట్టుకుంది. లాగింది. చెయ్యి వస్తుంది, కాయ రాదు.

పక్కింటి పిట్టగోడ అవతల నుంచి కొండమ్మ చూస్తోంది. "ఒరే పోలయ్యా, చెవి పక్కనే ఉందిగా, చేత్తో తెంపి పై నుంచి ఇవ్వరాదూ?"

"కదలకూడదు కొండమ్మొదినా. మట్టి ఆరలేదు."

పైడితల్లి ఏడుపు మొదలుపెట్టింది. పోలయ్య అంతకంటే పెద్దగా ఏడ్చాడు. అప్పుడు నూకమ్మ నుదురు తట్టుకుంది. "పిచ్చిదానా, కాయ బయటికి రాకపోతేనేం? పులుసు లోపలికి పోతుందిగా!"

ఇంకేముంది! చింతపండు పిసికారు, బెల్లం వేశారు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, ఇంగువ తాలింపు. పులుసు ఘుమఘుమలాడింది. చల్లారాక పైడితల్లి గరిటె గరిటె కన్నంలోంచి కాయమీదికి విసిరింది. కాయమీద కొంత, పోలయ్య నెత్తిమీద కొంత.

"ఉప్పు చూడవయ్యా!"

మూతిమీదికి కారింది నాకి, "కాస్త తగ్గిందే" అన్నాడు పోలయ్య. మరో గరిటె పడింది. "ఆఁ, ఇప్పుడు సరిపోయింది. కాయ ఉడకాలి."

ఈలోగా బెల్లం వాసనకి మేక వచ్చింది. కింది సందులోంచి దూరి, ముందుకాళ్ళు పోలయ్య గుండెలమీద పెట్టి, చెవులు నాకి, మెడ నాకి, చివరికి కాయ తొడిమ పటుక్కున కొరికింది. కాయ దబ్బున కింద పడింది. దొర్లింది. దొర్లి దొర్లి జాలీ కింద నుంచి వచ్చి పైడితల్లి కాళ్ళ దగ్గర ఆగింది.

"అత్తా! కాయ! కాయ వచ్చింది!" అని ఆ పిల్ల దాన్ని రొమ్ముకి హత్తుకుంది.

"ఆగవే" అంది నూకమ్మ. "మన కాయ ఎక్కడుంటుంది?"

"జాలీ లోపల."

"ఇదెక్కడుంది?"

"బయట."

"మరి మనదెలా అవుతుంది? ఎవరిదో కాయ తిని కంటే పుట్టేవాడు దొంగవుతాడు."

పోలయ్య ఆశ వదులుకోలేక, "అమ్మా, ఒక్కసారి కన్నంలో పెట్టి చూడమను. ఇందులోంచి వచ్చిందే అయితే పడుతుంది కదా" అన్నాడు. పైడితల్లి ఈ కన్నంలో పెట్టింది, ఆ కన్నంలో పెట్టింది. ఎందులోనూ పట్టలేదు. ఆ పిల్ల కాయని ఇంకోసారి రొమ్ముకి హత్తుకుంది. అయినా న్యాయం న్యాయమే. కాయని తీసుకెళ్ళి గోడమీంచి కొండమ్మ చేతిలో పెట్టింది. "ఇది మాది కాదు వదినా. ఎవరిదో ఏమో, నువ్వుంచు."

కొండమ్మ కాయ అందుకుంది. తన మేక చేసిన పాడుపని ఆవిడకి తెలుసు. లోపలికి వెళ్ళి ఆ కాయ తరిగి, బెల్లం వేసి, మధ్యాహ్నానికి గిన్నెడు పులుసు పట్టుకొచ్చింది. పైడితల్లి అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తింది. ఆగింది. అందరూ ఊపిరి బిగబట్టారు. వాంతి రాలేదు. ఇంకో ముద్ద తింది. గిన్నె నాకేసింది.

"బాగుందా?" అన్నాడు పోలయ్య, కన్నంలోంచి చూస్తూ.

"బాగుందయ్యా. కానీ మన కాయైతే ఇంకా బాగుండేది."

"ఇంకెక్కడి కాయమ్మా?" అని కొండమ్మ నవ్వాపుకోలేకపోయింది. "పాదుకి ఏముంది, ఖాళీ తీగ! మీరిద్దరూ ఇక పైకి రండయ్యా."

పోలయ్య ఆవిడ అమాయకత్వానికి జాలిపడ్డాడు. "కన్నంలో కాయ పట్టదని ఇందాక చూశావుగా వదినా. ఇంకెటు పోతుంది? లోపలే ఉంటుంది. మట్టి ఆరగానే వెళ్ళి వెతుకుతాం. అమ్మా, ఆరిందేమో చూడు."

నూకమ్మ వంగి వేలితో నొక్కి చూసింది. "ఎక్కడ నాయనా, ఇంకా పచ్చిగానే ఉంది. ఏ రోజు చూసినా ఇంతే. నీళ్ళు చాలడం లేదేమో" అని, నూతి దగ్గరికి వెళ్ళి రెండు బిందెలు తోడి తెచ్చి, కొడుకులిద్దరి మొదళ్ళకీ నిండా పోసింది.