రిబ్కమ్మ పలకని ఆదివారం

దుప్పట్లు సర్దుకున్నారా? ఊ కొట్టేవాళ్ళకే కథ.

అనగా అనగా, గుడిగంట తప్ప గడియారం లేని ఒక ఊళ్ళో ఆమోసని ఒకాయన, ఆయన భార్య రిబ్కమ్మ ఉండేవాళ్ళు. ఆమోసుకి తన పెళ్ళిలో పాస్టరయ్యగారు చెప్పిన ప్రసంగంలో సగమే గుర్తు. భార్య లోబడాలన్న సగం. భర్త ప్రాణం పెట్టి ప్రేమించాలన్న సగం వచ్చేసరికి ఆయన వంటపందిరి వైపు చూస్తున్నాడు.

ఒకరోజు నలుగురిలో ఆవిడ ఏదో మాట అందిస్తే, నేనడిగితే తప్ప నోరెత్తకు అన్నాడు. సరేనంది.

ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని బజారుకెళ్ళాడు. చూసింది, చెప్పలేదు. మేకొచ్చి ఆయన తెల్లపంచె నమిలింది. చూసింది, చెప్పలేదు. విరిగిన కుర్చీలో కూర్చోబోయాడు. చూసింది, చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అని అరిస్తే, మీరు అడగలేదు గదండీ అంది. విధేయత అంటే ఇదీ అని ఆయన మురిసిపోయాడు, కింద కూర్చునే.

ఊ కొడుతున్నారా?

రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆవిడ వంతు కూడా ఆయనే చేసేసేవాడు. అదొక్కదానికే ఆవిడకి ఏడుపొచ్చింది.

రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే బల్ల ఆదివారం వచ్చింది. ఆ గుళ్ళో ఒక కట్టుబాటుంది. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు, మన మధ్య ఏమైనా ఉందా అని అడిగి, లేదనిపించుకుంటేనే బల్ల దగ్గరికి రావాలి. ఆమోసు మగవాళ్ళ చాప మీంచే మెడ సాచి, లేదని చెప్పు అన్నాడు. పలకలేదు. చెప్పమంటున్నానా అన్నాడు. పలకలేదు. అయ్యగారు రొట్టె పళ్ళెం కింద పెట్టేశారు.

వెనకనించి ఓ ముసలమ్మ అంది: "ఒరే ఆమోసూ, అది అడగడం కాదురా, అదిలించడం!"

ఆమోసు లేచాడు. ఆడవాళ్ళ చాప దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మన మధ్య ఏమైనా ఉందా, రిబ్కా?"

"ఉందండీ," అని మొదలుపెట్టింది. ఎండ నడినెత్తికొచ్చింది. పక్కన ఇంకో మూడు జంటలు కూడా మొదలుపెట్టాయి. ఆఖరికి, నా ప్రార్థన నాకిచ్చెయ్యండి అంది. ఆయన తలొంచి, తప్పు నాదే, ఇక ముందు నీ వంతు నీదే అన్నాడు. ఇద్దరూ ఒక్క రొట్టెముక్క విరుచుకున్నారు.

ఆ రాత్రి ఆవిడ పైకి ప్రార్థన చేసింది. మా ఆయన్ని చల్లగా చూడు, కుర్చీ బాగుచేసే బుద్ధివ్వు అంది. ఆయన ఆమేన్ అన్నాడు. మర్నాడు బాగుచేశాడు.

ఇంటికి శిరస్సు నేనే అనేవాడికి ముందు చెవులుండాలర్రా.

కథ గుళ్ళో కూర్చుంది, మనం దుప్పట్లో దూరాం. ఇక ప్రార్థన చేసుకుందాం. ఆగరా సీలా, ఇవాళ ఎవరు చేస్తారో ముందు చెల్లిని అడుగు. అడగమన్నాను, అరవమనలేదు.