ఈనే గొర్రెల గడ్డి

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పడం చెన్నబసవయ్యగారికి చేతకాదని గిట్టనివాళ్ళు అంటూ ఉండేవారు. వాళ్ళను తప్పు పట్టలేం. ఎవరేమి అడిగినా ఆ గురువుగారు పైపంచె దులిపి భుజాన వేసుకుని, "పద నాయనా, చూద్దాం" అని లేచేవారు. ఎక్కడికని అడిగే ధైర్యం శిష్యుల్లో ఎవరికీ ఉండేది కాదు. ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా, నరహరికీ అంతే.

నరహరి బీడుభూముల శాఖకు పెద్ద అధికారి. ఊళ్ళ చుట్టూ ఉండే బంజర్లు, మేతబీళ్ళు, గుట్టలు ఎవరికి ఏ పనికి ఇవ్వాలో తేల్చే శాఖ అది. భూములేమో ఇక్కడ మెట్టసీమలో, ఆఫీసేమో రాజధానిలో అయిదో అంతస్తులో. బీడులో గొర్రెలకు నీళ్ళతొట్టి ఒకటి కట్టుకోవాలన్నా, కాపరులు రాత్రంతా బస్సులో కునికిపాట్లు పడుతూ పోయి, పొద్దున్నే ఆ మెట్లెక్కాలి. అది చూడలేక నరహరి పైవాళ్ళతో ఏళ్ళ తరబడి పోరాడి, ప్రధాన కార్యాలయాన్నే ఇక్కడికి మార్పించాడు. దాంతో సొంతవాళ్ళే పగవాళ్ళయ్యారు. ఉన్నట్టుండి సగం ఆఫీసుకు నడుం నొప్పులు పుట్టుకొచ్చాయి. పిల్లల చదువులేం కావాలని మిగతా సగం మొహం తిప్పుకుంది. ఇంట్లో భార్య కూడా ముభావంగానే తిరుగుతోంది.

అందుకే శంకుస్థాపన రోజు ఉదయం అతడు ముందుగా గురువుగారి దగ్గరికి వచ్చాడు. "దూరపు కొండలు నునుపంటారు కదా స్వామీ. ఎక్కడో కూర్చుని ఈ నేలను ఏలితే మాకేం తెలుస్తుంది? దగ్గరికి రావడమే ధర్మమనుకున్నాను. నేను చేసింది మంచిపనేనా?" అని అడిగాడు. అవునన్న ఒక్క మాట కోసం చంటిపిల్లవాడిలా ఆయన మొహంలోకి చూశాడు.

"పద నాయనా, చూద్దాం" అన్నారు గురువుగారు.

జీపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా కొత్తగా పాతిన ప్లాట్ల రాళ్ళు కనిపించాయి. ఆఫీసుకింకా పునాదే పడలేదు, దాని పేరు చెప్పి స్థలాలు అమ్మే రంగురంగుల బోర్డులు అప్పుడే లేచాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! నరహరి వాటిని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఊరి పక్కన ఇంజనీరు ఎంచిన స్థలం మాత్రం చల్లగా ఉంది. మోకాలెత్తు గడ్డి, ఒక్క గిట్ట అయినా పడని నేల. "రెండుసార్లు వచ్చి చూశాను సార్, ఒక్క గొర్రె కూడా మేయడం లేదు. ఎవరికీ అక్కర్లేని బీడు. ఊళ్ళోవాళ్ళను అడిగితే సంతోషంగా తీసుకోమన్నారు" అని ఇంజనీరు మురిసిపోతూ చెప్పాడు. షామియానా వేశారు. పూజారి కొబ్బరికాయలు సర్దుతున్నాడు. నరహరి చేతికి పసుపు రాసిన గునపం ఇచ్చారు.

గురువుగారు కుర్చీలో కూర్చోకుండా గడ్డి అంచునే నిలబడ్డారు. అంతలో ఒక మంద వచ్చింది. వెనకాల నడుస్తున్న కాపరి సుంకులమ్మ, ఎదురుగా అంత గడ్డి ఉన్నా, మందను చుట్టు తిప్పి రాళ్ళ మీదుగా తోలుతోంది. నిండు చూలుతో ఉన్న ఒక గొర్రె గడ్డి వైపు మూతి చాచింది. "మన మందల దేవుడు బీరప్ప ఆన ఉండాదే, సిగ్గు లేదా నీకు?" అని ఆమె దాన్ని ముద్దుగా కసిరింది.

"మేత ఇక్కడుంటే రాళ్ళ మీదికి తోలుతున్నావేం తల్లీ?" అని గురువుగారు అడిగారు.

"ఇది ఈనే గొర్రెల గడ్డి సామీ. వానలు పడినప్పట్నించీ ఎవురమూ దీంట్లో మంద తోలం. కార్తీకంలో గొర్రెలు ఈన్తాయి. ఈనిన తల్లి దూరం నడ్సలేదు, పిల్లను ఇడిసి రాలేదు. దానికి ఊరి పక్కనే మేత ఉండాల కదా."

నరహరి లెక్క వేసుకున్నాడు. ఇంకో పది రోజుల్లో కార్తీకం. "మరి ఈ ఏడు ఎట్లా అమ్మా?" అన్నాడు.

"ఈ ఏడు మీరొస్తాండారు కదా సార్! గుట్ట మింద ఈనిపిచ్చుకుంటాం. ఆడ తోడేళ్ళుండాయి. కొన్ని పిల్లలు పోతాయేమో. పోనీలెండి."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

ఆమె వింతగా చూసింది. "ఇంటికొస్తామన్నోళ్ళకు చోటు లేదని ఎట్ల చెప్పేది సార్? ఇన్నేండ్లూ మేమే మీ కాడికి వస్తాంటిమి. ఇప్పుడు మీరే మా కాడికి వస్తాంటే, ఉండేదాంట్లో మంచి చోటే ఇయ్యాలని ఊరంతా అనుకున్యాం."

నరహరికి సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. పూజారి ముహూర్తం దాటిపోతోందని తొందర పెడుతున్నాడు. నరహరి గునపం కింద పెట్టాడు. షామియానా విప్పి రోడ్డుకు అవతలి రాళ్ళ మిట్ట మీద వేయమన్నాడు. ఈ గడ్డి వైపు ఒక్క ప్లాటు రాయి కూడా జరగడానికి వీల్లేదన్నాడు. ఆ మిట్ట మీద బోరు వేసినా నీళ్ళు పడవని ఇంజనీరు నసిగాడు.

"మనకు ట్యాంకరు వస్తుందిలేవయ్యా" అన్నాడు నరహరి.

అదంతా విన్న సుంకులమ్మ మొహం చిన్నబోయింది. "మా చోటు నచ్చల్యా సార్? మేము మనసారనే ఇచ్చినాం" అంది. పైవాళ్ళతో ఏళ్ళ తరబడి వాదించి గెలిచిన నరహరి ఆమె ముందు చేతులు జోడించాడు. "నచ్చింది తల్లీ. కానీ చుట్టం వచ్చాడని బాలింతను మంచం దింపుతారా ఎవరైనా?" అన్నాడు.

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత మిట్ట వైపు చూసి, "ఆడ ఎండ జాస్తి సార్. ఊరోళ్ళమంతా వచ్చి మీకు పందిరేసిస్తాం" అని మందను అదిలించుకుంటూ వెళ్ళింది.

నరహరి కళ్ళు నిండాయి. కింది ఉద్యోగులు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా, ఆ మంద పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు. గురువుగారు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఇప్పటికి వచ్చావు నాయనా, దగ్గరికి" అన్నారు.