తీతు దిబ్బకి సున్నం

ఏమే చిన్నీ, ఇటు తిరుగు. తమ్ముడికి పాలు పట్టావా అంటే పట్టానన్నావు. గ్లాసులో పాలు అలాగే ఉన్నాయి. తెల్లారితే ఈస్టరు, నీ నోట్లో అబద్ధమా? ఏడవకు. పడుకుని విను.

అనగా అనగా ఏటి పక్కన ఒక ఊళ్ళో రిబ్కా అని నీ ఈడు పిల్ల ఉండేది. ఒక వానాకాలం విషజ్వరాలొచ్చి ఆ ఊళ్ళో పసిపిల్లలు చాలామంది పోయారు. రిబ్కా తమ్ముడు తీతు కూడా పోయాడు. అప్పుడు వాళ్ళందరినీ సమాధుల తోటలో ఒక మూల వరసగా పూడ్చారు. రాళ్ళు లేవు, పేర్లు లేవు. అన్నీ మట్టి దిబ్బలే. ఆ తర్వాత ఆ తల్లిదండ్రులు చాలామంది కూలికి వలసపోయారు. నాన్న పూసిన సున్నమొక్కటే తీతు దిబ్బకి గుర్తు.

అప్పుడు ఈస్టరు వచ్చింది. శనివారం సమాధులు బాగుచేసుకుని, ఆదివారం తెల్లవారుజామున వాటి మీద కొవ్వొత్తులు వెలిగించడం ఆ ఊరి ఆచారం. నాన్న ఇటుక బట్టీ నుంచి చీకటి పడితేగాని రాడు. అమ్మ లేయమ్మ జ్వరంతో మంచం దిగలేకుండా ఉంది. అందుకని సున్నం ముంత రిబ్కా చేతికిచ్చింది.

"తమ్ముడి మీద మట్టి ఎగదోసి సున్నం పుయ్యి తల్లీ. పాతది వెలిసిపోయింది. వాన పడిందంటే మనవాడెక్కడున్నాడో తెలియదు."

దారిలో చర్చి వాకిట్లో ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు.

"ఆ సున్నం ఇలా తేవే, గళ్ళు గీద్దాం," అంది దీనమ్మ.

"ఇది మా తమ్ముడిదే."

"అబ్బో! వాడొచ్చి అడుగుతాడా ఏంటి?"

అందరూ నవ్వారు. రిబ్కా కూడా నవ్వింది. పొద్దుగూకేదాకా ఆడింది. ముంత ఖాళీ అయింది.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "పూశానమ్మా," అంది. ఆ తర్వాత నాన్న అడిగాడు. "పూశాను నాన్నా," అంది. ఆ రాత్రంతా వాన కొట్టింది. చీకటితోనే నాయనమ్మ లేపి, "నిజంగా పూశావుటే?" అంది.

"ఒట్టు నాయనమ్మా!"

బయట కోడి కూసింది.

అప్పుడు అందరూ సమాధుల తోటకి వెళ్ళారు. అమ్మ నాన్న భుజం పట్టుకుని నడిచింది. ఆ మూల దిబ్బలన్నీ ఒకేలా తడిసి, కుంగి ఉన్నాయి.

"సున్నం వానకి కొట్టుకుపోయినట్టుంది. నువ్వు పూసిందేదో చూపించమ్మా," అంది అమ్మ.

రిబ్కా భయపడి ఒక దిబ్బ చూపించింది. అమ్మ దాని పక్కన కూలబడి, తడిమట్టిని ముద్దుపెట్టుకుని, కొవ్వొత్తి వెలిగించింది.

అప్పుడు వలస వెళ్ళిన ఒకామె నెత్తిన మూటతో పరుగున వచ్చింది. "అమ్మా, అది మా పాప. గుర్తుకని తల దగ్గర గాజులు పాతాను." మట్టి తవ్వితే బుల్లి నల్లగాజులు బయటపడ్డాయి.

అమ్మ తన కొవ్వొత్తి తీసుకుని లేచింది. చుట్టూ అందరూ ప్రభువు లేచాడని పాడుతున్నారు.

"మరి నా బిడ్డేడే?" అంది అమ్మ.



అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. ఆ తర్వాత ఎన్నడూ రిబ్కాకి ఒక్క పని చెప్పలేదు. గుక్కెడు మంచినీళ్ళు కూడా అడగలేదు.

ఏటేటా ఈస్టరు శనివారం రిబ్కా ఆ దిక్కులేని దిబ్బలన్నిటికీ మట్టి ఎగదోసి సున్నం పూసేది. పెళ్ళయింది, జుట్టు నెరిసింది, నడుం వంగింది. అయినా పూస్తూనే ఉంది. వాటిలో తన తమ్ముడిది ఏదో మాత్రం చచ్చేదాకా తెలియలేదు.

కథేమో కంచికి,
మనమేమో మంచానికి.
నిజమే రావాలి నోటికి,
నిద్ర రావాలి కంటికి.